పండుగ దీపములు - పొరుగు ధర్మము

దీపము లేని పండుగ మనకు లేదు. ఆశ్వయుజ బహుళ అమావాస్యనాడు గడపగడపకును ప్రమిదలు, కార్తికమాసమున శివాలయ ధ్వజస్తంభముపై ఆకాశదీపము, క్రిస్మసునాడు నక్షత్రాకారపు కాగితపు దీపము - ఇవి యన్నియు తెలుగునాట అందరును ఎరిగినవే. అయితే ఈ దీపముల కథలో రెండు మార్పులు చాల పెద్దవి. నూనెవత్తి స్థానమున విద్యుత్తు వచ్చుట ఒకటి. పెరడును వాకిలియు గల ఇంటి స్థానమున, ఒకే మెట్లవరుసపై ఇరువది కుటుంబములు కాపురముండు అపార్టుమెంటు వచ్చుట రెండవది. మొదటి మార్పు చరిత్రను తెలిసికొన్నచో, రెండవది మనపై మోపిన బాధ్యత తేటపడును.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా, అమెరికా ఖండములలో క్రిస్మసు చెట్టు కొమ్మలకు చిన్న మైనపు వత్తులను అంటించి వెలిగించుచుండిరి. ఎండుచున్న కొమ్మ, దానిని ఆనుకొనియే నిప్పు! ప్రమాదమెంత సమీపమున నున్నదో ఆ యింటివారు ఎరుగుదురు. అందుచే వత్తులను కొద్దిసేపు మాత్రమే వెలిగించి, ప్రక్కనే నీళ్ళబక్కెట నుంచుకొని, పెద్దవారొకరు కావలి యుండెడివారు. మన ఇండ్లలోను ఇదియే పద్ధతి. వరుసగా ప్రమిదలు పెట్టిన ఇల్లాలు పిల్లల పరికిణీలపై ఒక కన్నువేసియే యుండెడిది. నిప్పు కంటికి కనబడుచుండెను గనుక భయమును దగ్గరనే యుండెను. భయముతోబాటు జాగ్రత్తయు నుండెను.

1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి న్యూజెర్సీలోని మెన్లోపార్కునందు థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపములను ప్రజలకు ప్రదర్శించెను. 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీథి విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ అదే నగరమున తన యింటిలో ఎరుపు, తెలుపు, నీలము రంగుల 80 చిన్న బల్బులను క్రిస్మసు చెట్టునకు అమర్చి, ఆ చెట్టును విద్యుత్తుతోనే గిరగిర త్రిప్పించెను. 1895లో అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ కాలమున శ్వేతభవనపు చెట్టుకును విద్యుద్దీపములు అమరినవి. అయినను అప్పటికిది ధనికుల వేడుకయే. తీగలు కలుపుటకు నిపుణుడు రావలసియుండెను. 1903లో ముందే తీగకు గ్రుచ్చిన బల్బుల మాలలు అంగళ్ళలో అమ్మకమునకు వచ్చినవి. వేడుక సామాన్యునకు చేరువయ్యెను గాని, అంతవరకు తీగలు కలిపిన నిపుణుడు తప్పుకొనెను. గృహస్థుడే తన యింటి ఎలక్ట్రీషియను అయ్యెను.

మనము సీరియల్ సెట్టు అని పిలుచు మాల ఆ వంశములోనిదే. అందు బల్బులు ఒకదాని వెనుక నొకటిగా ఒకే తీగపై నుండును. మన ఇండ్లకు వచ్చు 230 వోల్టులను 40 బల్బులు పంచుకొన్నచో ఒక్కొక్కదానికి 6 వోల్టులకు లోపే దక్కును. ఒకటి మాడిన మాల యంతయు చీకటియగును. అప్పుడు కొందరు మాడిన బల్బులను కత్తిరించి, తీగకొనలను మెలిపెట్టి కలుపుదురు. మిగిలిన బల్బులకు వాటా పెరుగును, వేడియు పెరుగును. పది బల్బులు తీసివేసినచో మిగిలిన వానిలో ఒక్కొక్కదానిపై ఏడున్నర వోల్టులకు మించి పడును. చిన్న బల్బు గదా యని తేలికగ చూడరాదు. తీగ ఎచ్చట ఒరిసి బయటపడినను, తడిచేతితో దానిని తాకినవానికి 230 వోల్టుల దెబ్బ తగులవచ్చును.

ఇక మూడవ ఘట్టము ఎల్.ఇ.డి. దీపము. 1962లో నిక్ హోలోన్యాక్ ఎరుపుకాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని రూపొందించెను. ప్రకాశవంతమైన నీలికాంతికై ముప్పది యేండ్లు వేచియుండవలసివచ్చెను. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించెను. ఈ దీపము తక్కువ విద్యుత్తును వాడును, తక్కువ వేడి నిచ్చును. అందుచేతనే నేడు మాలలు ఒక గంటసేపు గాక, రాత్రియంతయు, వారముల తరబడి వెలుగుచున్నవి. దీపము చల్లబడెను, దానితో మన భయమును చల్లబడెను. నీళ్ళబక్కెటతో కావలి యున్న పెద్దమనిషి లేచి వెళ్ళిపోయెను. కాని తీగయు, ప్లగ్గును, గోడలోని విద్యుత్తును మునుపటివే.

సొంత వాకిట ఈ ఏమరుపాటు ఒక కుటుంబమునకు చేటు. అపార్టుమెంటులో అది అందరికిని చేటు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము ఫ్లాటు వేరు, ఉమ్మడి స్థలము వేరు అని స్పష్టపరచినది. మెట్లు, నడవలు అందరివి. 1970లో వెలువడిన జాతీయ భవన నిర్మాణ స్మృతియు, దాని తరువాతి కూర్పులును మెట్లను అగ్నిప్రమాద సమయమున బయటపడు మార్గముగా పరిగణించినవి. ఆ మెట్లపై ప్రమిదల వరుస పెట్టుట, నడవకు అడ్డముగ తీగ లాగుట, తలుపు సందున తీగ నలుగనిచ్చుట - ఇవి ఆపదవేళ పొరుగువారి దారిని మూయుటయే. ఉమ్మడి మీటరునుండి చెప్పకుండ కనెక్షను తీసికొనుట పొరుగువారి జేబులో చేయిపెట్టుటయే.

దీపావళి నాటికి కోస్తా జిల్లాలలో వానలు, తుఫానులు ఇంకను పొంచియుండును. బాల్కనీ ఇనుప కటకటాలకు బిగించిన తీగ గాలికి ఒరిసి, తొడుగు చిరిగి, తడిసినచో కటకటాలకే విద్యుత్తు ప్రాకవచ్చును. కనుక ఆరుబయటికి తగిన మాలనే కొని, ఇనుమునకు తగులకుండ కట్టవలెను. 1961లో అమెరికాలో ఛార్లెస్ డాల్జియల్ అను ఆచార్యుడు, విద్యుత్తు దారితప్పి మనిషి దేహముగుండ పోవుచున్నచో క్షణములో దానిని ఆపివేయు సాధనమును రూపొందించెను. ఆ కోవకు చెందినదే మన ఇండ్లలోని ఆర్.సి.సి.బి. ప్రాణరక్షణకై అమర్చునది సాధారణముగ 30 మిల్లీ ఆంపియర్లది. పండుగకు ముందు దానిపై నున్న టెస్ట్ మీటను నొక్కి, అది పనిచేయుచున్నదో లేదో చూచుటకు నిమిషమైనను పట్టదు.

ప్రమాదము లేకున్నను మర్యాద యొకటి యున్నది. మన బాల్కనీలో మిణుకు మిణుకుమను దీపము ఎదుటివారి పడకగదిలోనికి పోవును. ఆ గదిలో పసిబిడ్డ యుండవచ్చును, రోగి యుండవచ్చును, వేకువజామున పనికి పోవువారుండవచ్చును. కంటిలో చూపునకు గాక, రేయింబవళ్ళను దేహమునకు తెలుపుటకై ప్రత్యేక కణములున్నవనియు, అవి నీలికాంతికి మిక్కిలి స్పందించుననియు 2002లో పరిశోధకులు నిరూపించిరి. మిణుకుట మాన్పి, పసుపుఛాయ దీపములు పెట్టి, పదిగంటలకు ఆర్పివేసినచో వేడుకకు వచ్చు లోటేమియు లేదు.

దీనికి మార్గమును మన ఆచారమే చూపుచున్నది. ఆకాశదీపము ఏ ఒక్కరి ఇంటిదియు గాదు. ఊరందరి తరఫున ఒక్కటే దీపము, అందరికిని కనబడునంత ఎత్తున వెలుగును. అపార్టుమెంటు సంఘమువారును అట్లే ఒక్క అలంకారమును, లైసెన్సుగల ఒక్క ఎలక్ట్రీషియనును, ఒక్క స్విచ్చిని, ఆర్పుటకొక వేళను నిర్ణయించుకొన్నచో ఖర్చు తగ్గును, పోటీ తగ్గును, ప్రమాదము తగ్గును. స్విచ్చి యెవరి యధీనమున నుండునో వారే నాటి నీళ్ళబక్కెట కావలికి వారసులు. దీపము చల్లబడినను జాగ్రత్త చల్లబడరాదు.