తంతి తీగ నుంచి జీవౌషధ సంచి దాకా: పాలిమర్ల ఆక్సీకరణ నిరోధకాల చరిత్ర

హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న బాచుపల్లి ఔషధ పరిశ్రమకు పేరొందిన ప్రాంతం. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విపణిలోకి తెచ్చిన ‘రెడిటక్స్’ అనే క్యాన్సర్ మందుతో ఇక్కడి జీవౌషధ రంగం గుర్తింపు పొందింది. సజీవ కణాలను పెంచి వాటిచేత ప్రొటీన్లను తయారుచేయించే ఈ రంగంలో, ప్రపంచవ్యాప్తంగా ఉక్కు పాత్రల స్థానంలోకి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. ఆ ప్లాస్టిక్‌ను కాపాడే రసాయనం కణాలకు చేటు తేగలదా అన్న ప్రశ్నకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. విశేషమేమంటే, దాని తొలి అధ్యాయమూ భారతదేశానికి సంబంధించినదే.

19వ శతాబ్దం మధ్యలో ఇక్కడి తంతి తీగలకు గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థాన్ని తొడుగుగా వేశారు. అది కొద్దికాలానికే పెళుసుబారి పొడిపొడిగా రాలిపోసాగింది. లండనులో పనిచేస్తున్న జర్మన్ రసాయనవేత్త హాఫ్‌మన్ దానిని పరీక్షించి, ఆ పదార్థం గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొన్నందువల్లనే చెడిందని 1861 నాటి వ్యాసంలో తేల్చాడు. వ్యాధి తెలిసింది గాని, మందుకు చాలాకాలం పట్టింది. 1920లలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు మురూ, డ్యుఫ్రెస్ అతిస్వల్ప పరిమాణంలోని ఫినాల్ జాతి పదార్థాలు ఆక్సీకరణను నిలువరించగలవని నిరూపించారు. అంత కొద్ది పదార్థం అంత పని ఎలా చేస్తుందన్నది 1940లలో బోలండ్, గీల రబ్బరు పరిశోధనలతో విశదమైంది.

పాలిమర్ గొలుసు నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే స్వేచ్ఛా రాడికల్ ఏర్పడుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ రాడికల్‌గా మారి, పక్క గొలుసు నుంచి మరో హైడ్రోజన్‌ను లాగుకొంటుంది. ఇలా ఒక్క గాయం అనేక గాయాలకు కారణమవుతుంది. ఫినాల్ తన హైడ్రోజన్‌ను ఇచ్చివేసి ఈ పరంపరను తెంచుతుంది. ఫాస్ఫైట్లు మిగిలిన హైడ్రోపెరాక్సైడ్లను ఆల్కహాల్‌గా మార్చి, తాము ఫాస్ఫేట్లవుతాయి. 1954లో నాటా రూపొందించిన పాలీప్రొపిలీన్ ఇటువంటి రక్షణ లేకుండా అచ్చుయంత్రపు వేడికైనా తట్టుకోలేదు.

ఫాస్ఫైట్ చేసే ఈ ఆత్మార్పణలోనే చిక్కున్నది. 2013లో ఆమ్జెన్ పరిశోధకులు, సంచుల పొరలోని ఒక ఫాస్ఫైట్ నిరోధకం క్షీణించగా పుట్టిన ఫాస్ఫేట్ జాతి పదార్థం ద్రవంలోకి ఊరి, కణాల పెరుగుదలను అతిస్వల్ప గాఢతలోనే అణచివేస్తున్నదని ప్రకటించారు. నిరోధకాన్ని తీసివేస్తే పొర నిలవదు. ఉంచితే కణం నిలవకపోవచ్చు. కనుక సంచి ఎంపికకు ముందు దాని నుంచి ద్రవంలోకి ఊరే పదార్థాల పరీక్ష జీవౌషధ తయారీలో అనివార్యమైంది.