బుడ్డల పుట్టింటికి పోయొచ్చిన ముచ్చట

ఆ చేట ఇట్లా జరుపుకొని కూర్చో తల్లీ. బుడ్డలు ఒలుస్తా వింటే మాట కూడా కమ్మగా ఉంటుంది. పొయ్యిలో ఇంకా నిప్పులున్నాయి, కాల్చినవి కావాలంటే ఒక గుప్పెడు ఆ వేడి బూడిదలో వెయ్. ఫోను మాత్రం ఆ గూట్లో పెట్టు. నేను చెప్పేది రెండు నిమిషాల్లో తేలేది కాదు.

ఇది 2004 నాటి ముచ్చట. మీ జేజినాయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మరుసటి ఏడు. ముప్పై ఏళ్లు అనంతపురం జిల్లాలో ఊరూరా తిరిగి టీఎంవీ-2 అనే వేరుశనగ బుడ్డల విత్తనాలు ఇప్పించిన మనిషి. ఊడలు దిగే వేళకు వాన రాకపోతే రైతుకంటే ముందు ఈయనకే నిద్ర పట్టేది కాదు. మీ అత్తను చూడ్డానికి అమెరికా పోయినాం కదా, అక్కడ రెండు నెలలు ఓపిగ్గా సోఫాలో కూర్చున్నారు. మూడో నెల ఒక పొద్దున కాఫీ తాగుతా, "ఏమే, ఇంత దూరం వచ్చి బుడ్డల పుట్టిల్లు చూడకుండా పోతామా?" అన్నారు.

బుడ్డల పుట్టిల్లు మన కళ్యాణదుర్గమే అనుకుంటిని నేను. కాదంట. వేల ఏళ్ల కిందట బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా ఉత్తరాన, ఆండీస్ కొండల దాపున రెండు అడవి మొక్కలు కలిసి ఈ పంట పుట్టిందంట. మన మిరపకాయ, ఉర్లగడ్డ, టమాటా కూడా ఆ సముద్రాల అవతల నుంచి ఓడలెక్కి వచ్చినవేనంట. నువ్వు మొహం అట్లా పెట్టొద్దు. నేనూ ఆ రోజు అట్లాగే పెట్టినా.

ఈ వయసులో వీపున మూటలేమిటని మీ అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయనకు 59, నాకు 54. మీ జేజినాయన సంగతి తెలుసు కదా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి మీ మామే అటక మీద నుంచి రెండు పాత బ్యాక్‌ప్యాకులు దించి దుమ్ము దులిపి ఇచ్చినాడు. నా జన్మలో మొదటిసారి పంజాబీ డ్రెస్సు వేసుకున్నది అప్పుడే. సంచిలో రెండు జతల బట్టలు, ఒక స్వెట్టరు, స్టీలు గ్లాసు, చింతపండు, ఎండుకారం. ఆయన సంచిలో 36 ఫొటోల రీళ్లు ఎనిమిది. ఇప్పుడు నువ్వు తినే దోసెను నాలుగు ఫొటోలు తీస్తావు. మేము ఒక్క ఫొటో తీయాలంటే ఇద్దరం కూడబలుక్కునేవాళ్లం.

జూన్‌లో లీమాలో దిగినాం. అక్కడ అది చలికాలం, మన లెక్కకు తలకిందులు. డాలరుకు మూడున్నర సోళ్లు వచ్చేవి, అంటే ఒక్కో సోలూ మన పదమూడు రూపాయలు. ఐదు సోళ్లిస్తే సూపు, అన్నం, కూర, గ్లాసెడు పండ్లరసం పెట్టేవాళ్లు. వారానికొకసారి ఇంటర్నెట్ షాపులో కూర్చుని మీ అత్తకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపేవాళ్లం. మిగతా రోజుల్లో మేము ఎక్కడున్నామో మాకూ ఆ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదు. దారి అడగాలంటే మనిషినే అడగాలి. మనం ముందు "బుయెనోస్ దియాస్" అని పలకరిస్తే గానీ వాళ్లు సమాధానం చెప్పరు. పలకరింపు లేకుండా పని అడగడం మన పల్లెల్లోనూ తప్పే కదా ఒకప్పుడు.

ముందు ఉత్తరానికి పోయినాం. లీమా నుంచి రాత్రంతా బస్సు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గడ్డిపోచ కూడా మొలవని ఇసుక. లాంబయేకే అనే ఊళ్లో ఒక మ్యూజియముంది, అప్పటికి కట్టి రెండేళ్లే. 1987లో అక్కడికి దగ్గర సిపాన్‌లో ఒక రాజు సమాధి బయటపడింది, దాదాపు 1,700 ఏళ్ల నాటిది. దొంగలు పక్క గోరీ తవ్వేస్తే వాల్టర్ అల్వా అనే ఆయన మనుషులతో కాపలా పెట్టుకొని మరీ దీన్ని తవ్వించినాడు. ఆ రాజు మెడలో హారం ఏమిటనుకున్నావు? రత్నాలు కాదు తల్లీ, బుడ్డలు! కుడివైపు పది బంగారువి, ఎడమవైపు పది వెండివి. ఒక్కోటీ నిజం బుడ్డకన్నా చాలా పెద్దది. తొక్క మీద గీతలు, నడుమ నొక్కు, కొసన ముక్కు, అన్నీ అచ్చు గుద్దినట్టు. మీ జేజినాయన ఆ అద్దం ముందు అరగంట నిలబడి, "మన రైతుకు దీన్ని చూపించాల" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు.

ఆ తర్వాత దక్షిణానికి తిరిగి అరెకిపా, అక్కడి నుంచి కోల్కా లోయ. దారిలో పటపంప కనుమ, 4,900 మీటర్ల ఎత్తు. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, ఇంక నువ్వే లెక్క వేసుకో. బస్సు ఆగగానే అందరూ నిండుచూలాళ్లలా అడుగులో అడుగు వేస్తుంటే ఈయన కెమెరా పట్టుకొని చెరువుగట్టు మీద నడిచినట్టు నడిచినారు. ఇరవై అడుగులు దాటకముందే రాయి మీద కూలబడినారు, పెదాలు తెల్లగా. నా గుండె జారిపోయింది. కుట్టుపూల టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి దుప్పట్లు అమ్ముకుంటా కూర్చుని ఉండె. ఆమె లేచొచ్చి కొడుకును కసిరినట్టు కసిరి, కోకా ఆకులు నాలుగు ఆయన దవడన పెట్టింది. తమలపాకు నమిలినట్టు నములుతా కూర్చుంటే పావుగంటకు మొహంలోకి నెత్తురొచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

దారి పొడుగునా గడ్డి మైదానాల్లో వికూన్యాలు. ఒంటె జాతే గానీ జింకంత నాజూకు. ఆ బొచ్చు కోసం వేటాడి వేటాడి 1960ల నాటికి కొన్ని వేలకు దించేసినారంట. ఇప్పుడు ఊరంతా చేయీ చేయీ పట్టుకొని చుట్టుముట్టి, బొచ్చు కత్తిరించుకొని, ప్రాణంతో వదిలేస్తారు. మనిషికి బుద్ధి వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది.

కోల్కాలో పొద్దున ఎనిమిదికే లోయ అంచున కూర్చున్నాం. కాండోర్ బరువు పక్షి, పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎండకు లోయలో గాలి వేడెక్కి పైకి లేస్తే గానీ అది సుఖంగా ఎగరలేదు. తొమ్మిదయ్యాక లోయ అడుగు నుంచి ఒక నల్లటి గీత తేలింది. రెక్క కొట్టలేదు, ఒక్కసారి కూడా. చుట్టూ తిరుగుతా తిరుగుతా మా తలల మీదికొచ్చింది. మెడ చుట్టూ తెల్లటి దూది పట్టీ, పది అడుగుల రెక్కలు. దాని ఈకల్లో గాలి కోసుకుపోయే చప్పుడు విన్నా తల్లీ, పట్టుచీర జాడించినట్టు.

అప్పుడు నాకు మా ఊరి వంక గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు గొడ్డు చచ్చిపోతే వంకలో వేసేవాళ్లు, గంటలో రాబందులు దిగేవి. ఎప్పుడు పోయినాయో తెలీకుండానే మాయమైపోయినాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ నొప్పిమందే వాటి పాలిట విషమని సైంటిస్టులు తేల్చింది సరిగ్గా ఆ ఏడే. పశువులకు అది ఇవ్వకుండా మన దేశం ఆపింది 2006లో. ఆ కాండోర్‌ను చూస్తా ఆయనా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఎక్కడున్నాం? ఆ, బుడ్డలు. ఒలవడం ఆపేసినావే నువ్వు!

టిటికాకా సరస్సు దాటి బొలీవియాలోకి పోయినాం. ఆ మెట్టనేలల్లో ఉర్లగడ్డలు రాత్రి మంచుకు ఆరుబయట పరిచి, పగలు కాళ్లతో తొక్కి నీళ్లు పిండి ఎండబెడతారు. చూన్యో అంటారు, ఏళ్ల తరబడి నిలవుంటుంది. మన వంకాయ ఒరుగులకు దూరపు చుట్టం. ఆ ముచ్చట ఇంకో రోజు చెప్తా.

కోచబాంబాలో దిగినాక పెద్ద సంతకు పోయినాం. అక్కడ బుడ్డలను "మనీ" అంటారు, నీ కాలేజీ ఇంగ్లీషుతో లెక్క కట్టుకోవద్దు. పచ్చి బుడ్డలే వేయించకుండా రుబ్బి సూపు కాస్తారు, పైన ఉర్లగడ్డ వేపుడు పుల్లలు చల్లుతారు. మాంసం లేకుండా పెట్టమని సైగలతో అడుక్కొని తాగినా. నా ఎండుకారం చిటికెడు వేసుకుంటే మన ఊరిబిండికి అక్క అనిపించింది.

సంతలో రెండు జడల ముసలామె ఒకతె బుడ్డలు రాశి పోసి కూర్చుంది. ఒక కాయ చిదిపి అరచేతిలో పెట్టింది. గింజ మీద ఎరుపూ తెలుపూ చారలు, కోడిపిల్ల ఈకల్లా. పక్క గోతంలో నల్లటివి, ఊదావి. ముప్పై ఏళ్లు బుడ్డలతో బతికిన మనిషి, పసిపిల్లోడిలా గోతం గోతానికీ వంగి చూసినారు. కొలిచి పోసినాక ఆమె నా కళ్లలోకి చూసి, ఇంకో గుప్పెడు తీసి "యాపా" అంటా సంచిలో వేసింది. యాపా అంటే కొసరు! కొన్న వంకాయకంటే కొసరు వంకాయ రుచి అని మా అమ్మ అనేది. ఆ మాట ఆ ముసలామెకు చెప్పాలని ఎంత అనిపించిందో, భాష లేకపాయె.

వాటిలో నాలుగు గింజలు మన ఊరికి తెచ్చుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. "విత్తనంతో పాటు తెగులు కూడా విమానమెక్కుతుంది. రైతుకు చేటు చేసే పని నేను చెయ్యను" అన్నారు. ఎంత ఆశపడి కొన్నారో నాకు తెలుసు కాబట్టి నేను మళ్లీ అడగలేదు. తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టు బెంచీ మీద కూర్చుని, ఇద్దరం ఒక్కో కాయే ఒలుచుకొని తిన్నాం. ఆఖరుకు ఒకే ఒక్క చారల గింజ మిగిలింది. దాన్ని గోటితో రెండు బద్దలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టినారు.