పడమటి కిటికీకి తెర

హైదరాబాద్ మౌలాలి ఇళ్ళలో పడమటి కిటికీ పెట్టే బాధ ఇంతా అంతా కాదు. లింటెల్ మీద పోసిన ఛజ్జా నడినెత్తి ఎండను ఆపుతుంది గానీ, సాయంత్రం 4 గంటలకు వాలిన పొద్దు దాని కిందుగా వచ్చి మంచం మీదే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఆ ఎండకు నిలువుగా అడ్డం కట్టక తప్పదు. ఒకప్పుడు ఇంటి బయట కట్టే ఆ అడ్డం క్రమంగా లోపలికి వచ్చేసింది. కిటికీ తెరల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం.

తెర పై అంచున కుచ్చులు, జాలర్లు పెట్టడం మాత్రం డేరాల నుంచి వచ్చిన అలవాటుగా తోస్తుంది. మౌలాలి గుట్ట దర్గాకు నిజాముల రోజుల్లో రజబ్ నెలలో నగరం తరలివచ్చి డేరాలు వేసేది. డేరాలో కప్పూ పక్కగుడ్డా కలిసేచోట తాళ్ళు, కుట్లు కనబడకుండా అంచుగుడ్డ వేలాడుతుంది. పెళ్ళి శామియానాకు నేటికీ ఆ వంపుల జాలరు ఉంటుంది.

ఈ ముచ్చట సముద్రాలు కూడా దాటింది. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు 17వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్ళకు చేరాయి. 1663లో డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ తన భార్య గది గోడలకు అలాంటి గుడ్డే కొన్నాడు. ఆ గుడ్డలే పందిరి మంచాలకు తెరలూ, పైన జాలర్లూ అయ్యాయి. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఆ గుడ్డలను నిషేధిస్తూ 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం వచ్చాయి. నటుడు డేవిడ్ గారిక్ ఇంటికి కలకత్తా నుంచి కానుకగా వెళ్ళిన మంచం తెరలను 1775లో కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారు. అవి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడ మనకు పని చేసింది మాత్రం వరండా అంచున వేలాడే వెదురు చిక్. సన్నగా చీల్చిన బద్దలను దారంతో అల్లి, వెనక నీలం గుడ్డ కుట్టి, కింది నుంచి తాడుతో చుట్టి పైకి లాగేవాళ్ళు. ఉన్నవాళ్ళు తలుపులకు వట్టివేళ్ళ తడికలు కట్టించి నీళ్ళు చిలకరించేవాళ్ళు; వడగాలి ఆ తడిని ఆరబెడుతూ తాను చల్లబడి లోపలికి వచ్చేది. రెండూ ఎండను గుమ్మం బయటే నిలిపేవి.

1864లో అమెరికాలో స్టివర్ట్ హార్ట్‌షార్న్ స్ప్రింగు రోలరుకు పేటెంటు తీసుకున్నాడు. మెల్లగా వదిలితే చిన్న కొక్కెం గాడిలో పడి తెర ఆగుతుంది, చటుక్కున లాగితే కొక్కెం విడిపోయి తెర చుట్టుకుంటుంది. అలా తెర గది లోపలికి చేరింది. చుట్ట, రాడ్డు, బ్రాకెట్లు కనబడకుండా కప్పడానికి మన కాలనీ ఇళ్ళలో చెక్క పెల్మెట్ వచ్చింది. ఇప్పటి రోలర్ బ్లైండ్‌కు పైన బిగించే పట్టీ దాని వారసురాలే.

బిగించేటప్పుడు కిటికీ గూడు వెడల్పును పైన, నడుమ, కింద కొలిచి, మూడింటిలో తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మన గోడల్లో మూడూ ఒకటిగా రావడం అరుదు. గ్రిల్ లోపలి వైపుకు ఉంటే గూడులో చుట్టకు చోటు చాలదు. గూటి పైన గోడకే బిగించాలి. అక్కడుండేది కాంక్రీటు లింటెల్ కాబట్టి హ్యామర్ డ్రిల్ తెప్పించాలి. బ్రాకెట్లు రసమట్టంతో సరిచూశాకే పట్టీ పెట్టాలి. ఒక చివర కాస్త దిగినా తెర వంకరగా చుట్టుకుంటుంది.

ఇంత చేసినా వేడి పూర్తిగా ఆగదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే గుడ్డకు తగులుతుంది, గుడ్డ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. వెనక తెల్లటి పూత ఉంటే కొంత వెలుగును తిప్పి పంపుతుంది, అంతే. అందుకే పడమటి బాల్కనీ ఉన్నవాళ్ళు మొదటి ఖర్చు బయటి చిక్ మీద పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. జాలరు పట్టీ ఉన్న అందమైన తెర ఆ తర్వాత లోపల వేసుకోవచ్చు. దానికి అప్పుడు వెలుతురు తగ్గించే పనే మిగులుతుంది.