సంగీత స్ట్రీమింగ్ చందా

సంగీత స్ట్రీమింగ్ చందా అనగా అంతర్జాలం ద్వారా పాటలు వినిపించే సేవలకు నెలకో, సంవత్సరానికో చెల్లించే రుసుము. పాటను దింపుకొని సొంతం చేసుకోకుండా, వింటున్నంతసేపు సర్వరు నుండి కొద్దికొద్దిగా రప్పించుకొని వినడాన్ని స్ట్రీమింగ్ అంటారు. ఈ సేవలలో చాలావాటికి రెండు అంచెలున్నాయి. మొదటిది ప్రకటనలతో కూడిన ఉచిత సేవ. రెండవది ప్రకటనలు లేని చందా సేవ. దీనినే ప్రీమియం అని వ్యవహరిస్తారు. చందా కట్టడం అవసరమా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. వినేవారు ఏ పాటలు, ఎక్కడ, ఎలా వింటారన్న దానిపై అది ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

స్వీడన్‌లో 2006లో స్థాపితమైన స్పాటిఫై 2008లో ఐరోపాలో తన సేవను ప్రారంభించింది. భారతదేశంలో సావన్, గానా సంస్థలు తొలితరానికి చెందినవి. 2014లో ఎయిర్‌టెల్ సంస్థ వింక్ మ్యూజిక్‌ను తెచ్చింది. 2015లో ఆపిల్ మ్యూజిక్ నెలకు 120 రూపాయల చందాతో వచ్చి, 2019లో దానిని 99 రూపాయలకు తగ్గించింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోవడం ఈ రంగాన్ని పల్లెలకు చేర్చింది. 2018లో సావన్, జియో మ్యూజిక్ కలిసి జియోసావన్ అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై, మార్చిలో యూట్యూబ్ మ్యూజిక్ మన దేశంలో అడుగుపెట్టాయి.

అంతకుముందు తెలుగువారికి అంతర్జాలంలో పాటలు లేవని కాదు. 2000ల తొలినాళ్ళ నుండే చిమట మ్యూజిక్ వంటి జాలస్థలాలు పాత పాటలను సేకరించి వినిపించాయి. పాట పేరుతో పాటు చిత్రం, రచయిత, గాయకుల పేర్లు కూడా ఇవ్వడంలో ఈ అభిరుచి గల సేకర్తలు చూపిన శ్రద్ధ నేటి పెద్ద సంస్థలలో కనిపించదు.

చందాదారునికి లభించేవి

ప్రకటనలు లేకపోవడం, కోరిన పాటను కోరిన వరుసలో వినగలగడం, పాటలను ఫోనులో నిల్వ ఉంచుకొని నెట్‌వర్క్ లేనిచోట వినడం, నాణ్యమైన ధ్వని ముఖ్య సౌకర్యాలు. వీటిలో మొదటి మూడింటికి ఉన్న విలువ నాలుగవదానికి లేదు. స్పాటిఫై చందాదారులకు సెకనుకు 320 కిలోబిట్ల వరకు, యూట్యూబ్ మ్యూజిక్ 256 కిలోబిట్ల వరకు ధ్వనిని అందిస్తాయి. ఆపిల్ 2021లోను, స్పాటిఫై 2025లోను నష్టరహిత ధ్వనిని చేర్చాయి. అయితే 1950, 60లలో మోనో పద్ధతిలో ముద్రించిన ఘంటసాల, లీల, సుశీలల పాటలను సాధారణ ఇయర్‌ఫోనులో వినేవారికి ఈ అంకెలవల్ల తేడా తెలిసే అవకాశం తక్కువ.

డేటా ఆదా అవుతుందన్న వాదన కూడా నేడు బలహీనమే. సెకనుకు 320 కిలోబిట్ల చొప్పున గంటసేపు వింటే సుమారు 144 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజుకు 1.5 గిగాబైట్ల ప్యాకేజీ ఉన్నవారు పది గంటలు విన్నా డేటా సరిపోతుంది. యూట్యూబ్‌లో వీడియోగా పాట వింటే మాత్రం లెక్క మారుతుంది. పైగా ఉచిత యూట్యూబ్‌లో తెర ఆర్పితే పాట సాధారణంగా ఆగిపోతుంది. తెలుగునాట చందా గురించిన ఆలోచన చాలామందికి ఇక్కడే మొదలవుతుంది.

2023 అక్టోబరులో స్పాటిఫై భారతదేశంలోని ఉచిత సేవకు కొత్త పరిమితులు విధించింది. పాటల వరుసను ఎంచుకోవడం, పాటలో ముందుకు వెనుకకు జరపడం వంటివి చందాదారులకే పరిమితం చేసింది. ఉచిత సేవను క్రమంగా ఇరుకు చేయడం ద్వారా చందా వైపు నడిపించడం ఈ వ్యాపారపు తీరు.

ధరలు

స్పాటిఫై వ్యక్తిగత చందా 2019లో నెలకు 119 రూపాయలు. 2025 నవంబరులో ఆ సంస్థ 139, 199, 299 రూపాయల మూడు శ్రేణులను ప్రవేశపెట్టింది. 199 రూపాయల శ్రేణికి సంవత్సరానికి 2,388 రూపాయలవుతుంది. యూట్యూబ్ మ్యూజిక్ వ్యక్తిగత చందా 2024 ఆగస్టులో 99 నుండి 119 రూపాయలకు పెరిగింది. వీడియో ప్రకటనలను కూడా తొలగించే యూట్యూబ్ ప్రీమియం చందా అదే సమయంలో 129 నుండి 149కి, కుటుంబ చందా 189 నుండి 299కి పెరిగాయి. కుటుంబ చందాను ఆరుగురు పంచుకుంటే తలకు 50 రూపాయలలోపే పడుతుంది. కాని సభ్యులందరూ ఒకే ఇంట నివసించాలన్నది నిబంధన. హైదరాబాదు హాస్టలులో చదువుకునే పిల్లలకు, బనగానపల్లెలోని తల్లిదండ్రులకు కలిపి ఒకే చందా తీసుకోవడం ఈ నిబంధన ప్రకారం కుదరదు. విద్యార్థులకు పలు సంస్థలు దాదాపు సగం ధరకే ఇస్తాయి.

సేవలు మూతపడడం

చందాతో లభించేది పాట కాదు, పాటను వినే అనుమతి మాత్రమే. చందా ముగిసిన నాడు నిల్వ ఉంచుకున్న పాటలు కూడా వినబడవు. సంస్థయే మూతపడితే ఏళ్ళ తరబడి కూర్చుకున్న పాటల జాబితాలు పోతాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో ముగిసింది. గానా 2022లో ఉచిత సేవను ఎత్తివేసింది. రెస్సో 2023లో పూర్తిగా చందా సేవగా మారి, 2024 జనవరిలో మన దేశం నుండి నిష్క్రమించింది. వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్లు ఎయిర్‌టెల్ 2024 ఆగస్టులో ప్రకటించింది. దశాబ్దం తిరగకుండానే ఇన్ని సేవలు మారిన చోట సంవత్సర చందా కంటే నెలవారీ చందాయే క్షేమం.

హక్కుల వివాదాలవల్లనూ పాటలు అదృశ్యమవుతాయి. పాత తెలుగు చిత్రగీతాలలో అధికభాగం హక్కులు హెచ్.ఎం.వి. వారసురాలైన సారెగమ సంస్థవి. 2019లో సారెగమకు, స్పాటిఫైకి మధ్య ఒప్పందం కుదరక వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఆ పాటలను స్పాటిఫై తొలగించింది. 2020లో ఒప్పందం కుదిరాకనే అవి తిరిగి వచ్చాయి. ఈ మధ్యకాలంలో చందా కట్టినవారికి, కట్టనివారికి లోటు ఒక్కటే.

బనగానపల్లె పరిసరాలలో

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె, ఒకప్పటి సంస్థాన కేంద్రం. ఇక్కడినుండి నంద్యాలకు బస్సులోనో, 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలో రైలులోనో నిత్యం ప్రయాణించే విద్యార్థికి, ఉద్యోగికి పాటలను నిల్వ ఉంచుకొనే సౌకర్యం పనికివస్తుంది. యాగంటి, అహోబిలం వంటి కొండల నడుమ సిగ్నల్‌కు కొండలే అడ్డు. ఇంట వై-ఫై ఉండి, పనిచేసుకుంటూ పాటలు వినేవారికి ఉచిత సేవ, ఆకాశవాణి సరిపోతాయి.

ఈ ప్రాంతపు సంగీతాన్ని వెదికేవారికి చందావల్ల కలిగే అదనపు లాభం స్వల్పం. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉండి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రచించారని ప్రతీతి. ఆయన తత్త్వాలకు నేడు ఎవరి స్వామ్యమూ లేదు. కాని వాటిని పాడి ముద్రించిన ప్రతి రికార్డుకూ వేరే హక్కు ఉంటుంది. యాప్‌లలో వీటి పేర్లు రోమన్ లిపిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాయడంవల్ల ఒకే తత్త్వాన్ని నాలుగైదు వర్ణక్రమాలతో వెదకవలసి వస్తుంది. చందా కట్టినా ఈ తిప్పలు తప్పవు. అహోబిలంతో అనుబంధమున్న అన్నమయ్య సంకీర్తనలను తిరుమల తిరుపతి దేవస్థానములు ఉచితంగానే వినిపిస్తున్నాయి.

కళాకారులకు చేరే సొమ్ము

చందా కట్టడం కళాకారునికి చేసే సాయమని కొందరు భావిస్తారు. ఇది కొంతవరకే నిజం. సాధారణ పద్ధతిలో చందాదారుడు ఇచ్చిన సొమ్ము అతడు విన్న గాయకునికే నేరుగా వెళ్ళదు. వచ్చిన ఆదాయంలో హక్కుదారుల వాటాను (స్పాటిఫై విషయంలో ఇది సుమారు మూడింట రెండు వంతులు) ఒకచోట చేర్చి, మొత్తం శ్రవణాలలో ఏ పాటకు ఎంత భాగమో దాని ప్రకారం పంచుతారు. అందులోనూ సినిమా పాట డబ్బు ముందుగా చేరేది రికార్డుల సంస్థకు. 2012 కాపీరైటు చట్ట సవరణ రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా పొందే హక్కును కల్పించింది. ఇది ఎన్నదగిన మార్పు. 2024 నుండి స్పాటిఫైలో పన్నెండు నెలలలో వెయ్యి శ్రవణాలు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. అందుచేత తత్త్వాలు, జానపద గేయాలు పాడి స్వయంగా విడుదల చేసే గ్రామీణ గాయకులలో పలువురికి శ్రోత కట్టిన చందాలో పైసా చేరకపోవచ్చు. వారి కచేరీకి వెళ్ళి ఇచ్చే వంద రూపాయలే వారికి నేరుగా అందుతాయి.

స్వయంచాలక చెల్లింపులు

ఉచిత పరీక్షాకాలం పేరిట చేరినవారి ఖాతా నుండి గడువు తీరగానే చందా దానంతట అదే కోతపడుతుంది. 2021 అక్టోబరు 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు లేదా యూపీఐ ద్వారా ఇటువంటి సొమ్ము తీసుకొనేముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారునికి సమాచారం ఇవ్వాలి. ఆ సందేశం రాగానే వద్దనుకున్నవారు తమ బ్యాంకు లేదా యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో ఆ అనుమతిని రద్దు చేసుకోవచ్చు. ఫోనులో యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదు.