మా పేటకొచ్చిన ఫోను

ఫోను చరిత్ర రాసేవాళ్ళు 1882 జనవరి 28 దగ్గర మొదలుపెడతారు. ఆ రోజున కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్చేంజీలు తెరిచారు. కలకత్తా ఎక్స్చేంజీకి మొదట ఉన్నది 93 మంది చందాదారులు. తెల్లదొర పోయి నల్లదొర వచ్చేనాటికి, అంటే 1947 నాటికి, దేశం మొత్తమ్మీద ఉన్న ఫోన్లు సుమారు 80 వేలు. 1960లో లక్నో, కాన్పూర్‌ల మధ్య ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా నంబరు తిప్పి మాట్లాడే ఎస్టీడీ వచ్చింది. 1984లో సి-డాట్ పుట్టింది. ఏసీ గదులు లేకపోయినా పల్లెటూరి ఎండకీ దుమ్ముకీ తట్టుకునే చిన్న ఎక్స్చేంజీలు తయారుచేసింది. 1994లో జాతీయ టెలికం విధానం వచ్చింది. అప్పటికి దేశంలో నూరు మందికి 0.8 ఫోను. 5,76,490 గ్రామాల్లో ఫోను చేరినవి దాదాపు 1,40,000. 1997 కల్లా అడిగినవాడికల్లా ఫోను, ఊరూరికీ ఫోను ఇస్తామని ఆ విధానం మాటిచ్చింది.

ఇదంతా నిజమే. కానీ ఈ లెక్కల్లో ఊరుంది గానీ పేట లేదు. ఊరికి ఒక్క ఫోను పెడితే ఆ ఊరు లెక్కలోకి ఎక్కేసినట్టే. ఆ ఫోను ఎవరి సావిట్లో పెట్టారు, దాని దగ్గరికి ఎవరు వెళ్ళగలరు, ఎవరు గుమ్మం బయటే ఆగిపోవాలి అన్నది నేను చదివిన ఏ సర్కారు కాయితంలోనూ కనపడలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చరిత్రకి ఆధారాలు కావాలంటారు గదా. మా ఇంట్లో దూలానికి వేలాడే తీగకి మా నాన్న గుచ్చిపెట్టిన ఫోను బిల్లులున్నాయి. సంతకం పెట్టడం తప్ప చదువు రాని మనిషి దాచిన కాయితాలవి. నా ఆధారాలు అవే.

మాది గోదావరి జిల్లాల్లో కాలవ గట్టునున్న ఊరు. ఊరికీ మా పేటకీ మధ్య ఒక కొబ్బరితోట, ఒక బోదె. మా ఊరికి మొదట వచ్చిన ప్రభుత్వ ఫోను, అందరికీ అని చెప్పి పెట్టిన ఫోను, కామందుగారి సావిట్లో పెట్టారు. వైరుండదు, రేడియో మీద పనిచేసేది. దాన్ని ఎంఏఆర్ఆర్ పద్ధతి అంటారని చాన్నాళ్ళకి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. దేశమంతా ఆ రకం ఫోన్లు ఊరికే మూగబోతుంటే తర్వాత మార్చాల్సొచ్చింది. మా ఊరిది కూడా నెల తిరక్కుండానే మూగబోయింది. ఇక మిగిలింది కామందుగారి సొంత ఫోను.

1997లో మా అమ్మ కువైటెళ్ళింది. అప్పటికి నాకు పదేళ్ళు. మా వైపు పేటల్లోంచి అప్పటికే ఎంతోమంది ఆడాళ్ళు ఏజెంట్లకి అప్పులు చేసి కట్టి, అరబ్బుల ఇళ్ళల్లో పనికెళ్ళారు. అక్కడ వాళ్ళని ఖద్దామా అంటారు. ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టేది. మనిషి గొంతు వినాలంటే కామందుగారి ఫోనే దిక్కు.

అమ్మ చేసే ప్రతి ఫోనూ రెండు ఫోన్లు. మొదటిది మమ్మల్ని పిలిపించడానికి. వాళ్ళ పాలేరు కుర్రాడు బోదె దాటొచ్చి కేకేసేవోడు. అరగంట తర్వాత రెండోది, మాట్టాడ్డానికి. రెండింటికీ దినార్లు అమ్మవే. మేం సావిట్లోకి ఎక్కకూడదు. కిటికీ ఊచల్లోంచి రిసీవరు బయటికి అందించేవోళ్ళు. తీగ పొట్టిది కాబట్టి నాన్న మెడ వంచి, ఊచలకి చెవి ఆనించి మాట్టాడేవోడు. పక్కన ఇంటిల్లిపాదీ వింటుండేవోళ్ళు. 'ఒంట్లో బాగుందా, డబ్బందింది' ఈ రెండు మాటలే. అక్కడ ఆ ఇంటివాళ్ళు తిండి పెడుతున్నారా, కొడుతున్నారా అని అందరి ముందూ ఎట్టా అడుగుతాడు? ఆమె ఎట్టా చెబుతుంది? మేం వచ్చేసేటప్పుడు వాళ్ళమ్మాయి గుడ్డతో రిసీవరు తుడవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ గుడ్డ అందుకోసమే కిటికీ పక్కన ఉండేది.

ఆ ఫోనుకి బిల్లు రాలేదు. వెట్టి వచ్చింది. 'ఏరా, నీ పెళ్ళాం ఫోను చేసింది గదా, రేపు ఆ కొట్టం ఎత్తిపొయ్యి' అనేవోరు. 'ఆయ్, అట్టాగే అయ్యగారూ' అని నాన్న ఎత్తిపోసేవోడు. కొబ్బరాకు మోసేవోడు, కట్టెలు కొట్టేవోడు. కూలి అడిగే మొహం లేదు. అడిగితే వచ్చేసారి ఫోను వచ్చినప్పుడు 'ఇంట్లో లేరు' అని పెట్టేస్తారు. బిల్లు లేని ఫోను ఎంత ఖరీదైందో నాకు తెలిసింది అక్కడే.

తర్వాత మండలకేంద్రంలో పసుప్పచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులొచ్చాయి. చాలామంది వికలాంగులకి అవి బతుకుతెరువు. అక్కడ మన కులం అడగరు. మీటరు మీద ఎర్రంకెలు ఎంత చూపిస్తే అంత కట్టాలి. డబ్బు కడితే చాలు, ఎవడికీ రుణపడక్కర్లేదు. అది మాకు కొత్త అనుభవం. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి జనమంతా అప్పుడే వరసగట్టేవోళ్ళు. కానీ అంత రాత్రప్పుడు తిరిగి రావడానికి బస్సుండదు. పిలిపించి మాట్టాడే ఫోనుకి బూతువాడు కూడా ఎంతోకొంత తీసుకునేవోడు. ఒక్క ఫోనుకి బస్సు చార్జీ, పోయిన కూలి రోజు, కాఫీ నీళ్ళు అన్నీ కలిపితే అమ్మ అక్కడ ఖర్చు పెట్టినంతా మేమిక్కడ పెట్టేవోళ్ళం.

2001లో నాన్న సొంతానికి ఫోను పెట్టించాడు. పేటలో అదే మొదటిది. డిపాజిట్టు డబ్బు అమ్మ పంపింది. అయితే డిపాజిట్టు కట్టినంత మాత్రాన పేటకి తీగ రాదు. ఊళ్ళో చివరి స్తంభం కొబ్బరితోట అవతలే ఆగిపోయింది. 'స్తంభాలు స్టాకు లేవు' అని ఆర్నెల్లు తిప్పారు. చివరికి లైను వేసేవాళ్ళకి కల్లుకి, బువ్వకి, చేతిఖర్చుకి ఇచ్చుకుంటే మూడు వెదురు గడలు పాతి తీగ లాగారు. గాలేస్తే గడ వాలిపోద్ది. వాలితే ఫోను పోద్ది. మళ్ళీ చేతిఖర్చు.

ఇక బిల్లు. రెండు నెలలకోసారి వచ్చేది. పోస్టుమేను పేటలోకి రాడు. ఊళ్ళో టీకొట్టు దగ్గర పడేసి పోయేవోడు. అది మా చేతికొచ్చేసరికి గడువు దాటేది, అపరాధ రుసుము పడేది. కట్టే కౌంటరు పట్నంలో. మళ్ళీ బస్సు, మళ్ళీ కూలి పోయిన రోజు. ఆలస్యమైతే ముందు బయటికెళ్ళే ఫోన్లు కట్ చేసేవోళ్ళు, ఇంకా ఆలస్యమైతే వచ్చేవి కూడా. తిరిగి కలపడానికి వేరే ఫీజు. మా బిల్లుల్లో మేం మాట్టాడిన దానికంటే అద్దె, పన్ను, రుసుములే ఎక్కువ. ఎందుకంటే మాది మాట్టాడే ఫోను కాదు, వినే ఫోను. కువైటు నుంచి పేటలో పన్నెండిళ్ళ ఆడకూతుళ్ళు చేసేది మా ఇంటికే. 'బాబాయ్, మా అమ్మ చేసిందా?' అని పిల్లలు సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీద కూర్చునేవోళ్ళు. మేం ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు. లోపలికి పిలిచి, తలుపేసి, మేం బయటికొచ్చేవోళ్ళం. తల్లితో మాట్టాడేటప్పుడు ఏడవడానికైనా మనిషికి ఒక గది కావాలి గదా.

అద్దె ఎందుకంత బరువైందో కాలేజీలో అర్థశాస్త్రం చదివేటప్పుడు అర్థమైంది. అంతకు ముందు దూరాభారం మాట్టాడేవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని, దగ్గర మాటల్నీ అద్దెల్నీ చవగ్గా ఉంచేవోళ్ళు. 1997లో ట్రాయ్ ఏర్పడింది. 1999 మార్చిలో ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వుతో ఆ పద్ధతిని తిరగెయ్యడం మొదలైంది. ఎస్టీడీ, ఐఎస్‌డీ రేట్లు తగ్గాలి, అద్దె, లోకల్ కాలు పెరగాలి. ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలన్నది దాని సూత్రం. వినడానికి న్యాయంగానే ఉంటది. పల్లెల్లో అద్దె పట్నాల కంటే తక్కువే ఉంచారు, అదీ నిజమే. అయినా దేశం ఆ మూల నుంచి ఈ మూలకి వ్యాపారం మాట్టాడేవోడి భారం దిగింది. నెలంతా ఒక్క పిలుపు కోసం ఎదురుచూసేవోడి మీద భారం ఎక్కింది. సంస్కరణలంటే ఏంటో మా నాన్న తీగకి గుచ్చిన బిల్లుల్లో నేను చదువుకున్నాను.

ఒకసారి మేం చెయ్యని కాల్స్‌కి పెద్ద బిల్లొచ్చింది. మా ఫోనుకి ఎస్టీడీ లేనేలేదు, తాళం వేయించాం. అడిగితే 'ముందు కట్టండి, తర్వాత అర్జీ పెట్టుకోండి' అన్నారు. నాన్న కట్టాడు. అర్జీకి జవాబు రాలేదు. వినియోగదారుల కోర్టుకెళ్ళొచ్చు గదా అని చదువుకున్నవాళ్ళంటారు. 1986లో ఆ చట్టం వచ్చిన మాట నిజమే. కానీ 2009లో సుప్రీంకోర్టు ఫోను బిల్లు తగాదాలు ఆ కోర్టుల్లో తేల్చకూడదంది. 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని 7-బి సెక్షన్ ప్రకారం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలంది. ఆ అభిప్రాయాన్ని సుప్రీంకోర్టే 2022లో కాదని, వినియోగదారుల కోర్టుకి పోవచ్చని చెప్పింది. 2023లో కొత్త టెలికం చట్టం కూడా వచ్చింది. అప్పటికి మా నాన్న ఫోను తీసేసి పద్నాలుగేళ్ళు.

ఇన్ని తిప్పలు పడి ఆ ఫోను ఎందుకుంచుకున్నట్టు? దానికి జవాబు 2003లో దొరికింది.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. చుండూరు నాటికి నాకు నాలుగేళ్ళు. ఆ పేర్లు వింటూ పెరిగిన తరం మాది. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది గానీ, చట్టం కదలాలంటే ముందు స్టేషనుకి కబురందాలి. కొట్టేవోడి ఇంట్లోనే ఫోనుంటే కబురు ఎవరిది ముందు అందుద్ది? దెబ్బలు తిన్నవోడు నడిచి స్టేషనుకెళ్ళేసరికి అక్కడ వాడి మీదే కేసు రాసి ఉంటది. ఇది మా పేటల్లో ముసలోళ్ళందరికీ తెలిసిన సంగతి.

2003లో మా పేట మొగలో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. మా కుర్రాళ్ళు నిలదీశారు. ఆ రాత్రి ఊళ్ళోంచి కర్రలతో బోదె దాటొచ్చారు. నాన్న దీపం ఆర్పి, చీకట్లోనే చేత్తో తడుముకుంటూ స్టేషను నంబరు కొట్టాడు. పోలీసులు వెంటనే వచ్చారని రాయలేను. రెండు గంటలు పట్టింది. నలుగురికి తలలు పగిలాయి. కానీ ఆ రాత్రి స్టేషన్లో పడ్డ మొదటి మాట మాది. మేం ఫిర్యాదీలం అయ్యాం, ముద్దాయిలం కాలేదు. అదే ఆ ఫోను చేసిన పని.

వారం తిరక్కుండా కొబ్బరితోటలో తీగ ఎవరో కోసేశారు. ఇరవైనాలుగు రోజులు ఫోను చచ్చిపడుంది. ఆ రెండు నెలల బిల్లు మాత్రం పూర్తి అద్దెతో వచ్చింది. నాన్న కట్టాడు. రసీదు తీగకి గుచ్చాడు.

అదే ఏడాది మే 1 నుంచి సెల్‌ఫోన్లకి వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. అంతకు ముందు సెల్లున్నవోడు వినడానిక్కూడా డబ్బు కట్టేవోడు. ఇక నుంచి చేసేవోడే కట్టాలి. దాంతో ఇంటి ఫోను నుంచి సెల్లుకి చేస్తే ఖర్చు పెరిగింది. మెల్లగా పేటలో కూడా సెల్లులొచ్చాయి. 2006 ప్రాంతంలో దేశంలో ఇంటి ఫోన్లు అయిదు కోట్ల దాకా ఉండేవి. తర్వాత ఏటా తగ్గి 2020 నాటికి రెండు కోట్లకి దిగాయి. అలా తగ్గినవాటిలో మాదొకటి. 2009లో తిరిగిచ్చేశాం. డిపాజిట్టు వెనక్కి రావడానికి పది నెలలు తిరిగాం. చివరికి చెక్కిచ్చారు. నాన్నకి బ్యాంకు ఖాతా లేదు. ఆ చెక్కు కోసం ఖాతా తెరవాల్సొచ్చింది. నాన్న లెక్కలో ఆ ఫోను రెండు పాడిగేదెల్ని తినేసింది. అయినా ఎవరన్నా 'దండగ ఖర్చు' అంటే ఒప్పుకునేవోడు కాదు. 'ఎవడి కొట్టమూ ఎత్తిపొయ్యలేదు గదరా' అనేవోడు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనుంది గదా, ఇంకా ఈ గోలెందుకని కుర్రాళ్ళు అడగొచ్చు. నేను సర్కారు బళ్ళో పాఠాలు చెబుతున్నాను. 2020లో బళ్ళు మూతపడ్డప్పుడు పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేస్తే సగం పేట పలకలేదు. వెళ్ళి అడిగితే 'రీఛార్జి అయిపోయింది టీచర్‌గారూ, వచ్చేవి కూడా ఆగిపోయినై' అన్నారు. 2018 చివర్నుంచీ కంపెనీలు కనీస రీఛార్జి పెట్టాయి. అది వేయించకపోతే కొన్నాళ్ళకి వినడం కూడా బందే. పేరు మారింది గానీ అది మళ్ళీ అద్దే. మళ్ళీ వినేవోడి మీదే భారం. కూలి దొరకని నెలల్లో మా పేట ఇప్పటికీ మూగబోతోంది.

విద్యార్థులు, కార్యకర్తలు ఫోను చరిత్రని కనెక్షన్ల లెక్కలో చదవొద్దు. నూరు మందికి ఎన్ని ఫోన్లని అడిగి ఊరుకోవద్దు. ఆ ఫోను ఎవరి గుమ్మం లోపలుంది, దాని ఖరీదు డబ్బుతో తీరుతోందా వెట్టితో తీరుతోందా, డబ్బు లేని నెలలో ఎవరి నోరు ముందు మూతపడుతోంది అని అడగండి. అన్నిటికంటే ముందు, రాత్రిపూట పేట మీదికి కర్రలొచ్చినప్పుడు స్టేషన్లో మొదటి మాట ఎవరిదో అడగండి.