గుండె చుట్టూ నీరు

గుండె జబ్బంటే మా కృష్ణా దిగువ సీమ వాళ్లకు ఒకప్పుడు రైలెక్కడమే. బందరైనా గుడివాడైనా, రాయవెల్లూరుకో మద్రాసుకో పోవాలి. నేను బెజవాడ క్యాథ్ ల్యాబ్‌లో నర్సుగా చేరేనాటికి ఆ వైద్యం మన దగ్గరికే వచ్చేసింది. దాంతోపాటు దాని ప్రమాదాలూ వచ్చాయి. అందులో ఒకటి గుండె చుట్టూ నీరు చేరడం.

1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారి మనిషి గుండె రక్తనాళంలో బెలూన్ ఊది పూడిక తీశాడు. రెండు నెలలకే, నవంబర్ 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. అవనిగడ్డ, నాగాయలంక వైపు పెద్దవాళ్లకు ఏ సంగతైనా ఉప్పెనకు ముందో తర్వాతో చెప్పాలి. ఈ బెలూన్ కథా నేను వాళ్లకు అలాగే చెప్పేదాన్ని.

మా వార్డుకు ఎక్కువగా వచ్చింది మాత్రం ఇంకో బెలూన్ కోసం. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల వాపు వచ్చి తగ్గిపోతాయి. పెళ్లై కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మొదలవుతుంది. ఎకో (గుండె స్కాన్) తీస్తే, ఆ పాత జబ్బు వల్లే మైట్రల్ కవాటం సన్నబడి ఉంటుంది. ఛాతీ కోయకుండా దాన్ని తెరిచే బెలూన్‌ను జపాన్ సర్జన్ కాంజి ఇనోయె 1984లో ప్రకటించాడు. పేదింటి ఆడపిల్లలకు అంతకు మించిన మేలు చేసిన పనిముట్టును నేను చూడలేదు. అయితే తొడ దగ్గర నుంచి వెళ్లిన గొట్టం ఎడమ గదిలోకి చేరాలంటే, రెండు పై గదుల మధ్య గోడను సూదితో పొడవాలి. ఆ సూది కొద్దిగా పక్కకు తగిలితే గుండె బయటి గోడకే చిల్లు పడుతుంది.

గుండె చుట్టూ ఉండే పొరలో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల నీరుంటుంది. నెలల తరబడి మెల్లగా ఊరితే ఆ పొర సాగి లీటరు దాకా పట్టగలదు. అదే ఆ చిల్లు నుంచి నిమిషాల్లో 150, 200 మిల్లీలీటర్ల రక్తం చేరితే సాగడానికి వ్యవధి ఉండదు. గుండె బయటి నుంచి నొక్కుకుపోయి, నిండడం మానేస్తుంది.

ఈ ఆపద క్యాథెటర్ కంటే పాతది. వియన్నాలో ఫ్రాంజ్ షూ అనే డాక్టరు 1840లోనే ఆ పొరలోకి సూది దించి నీరు తీశాడు. దీని గుర్తుల్లో ఒకటైన, లోపలికి గాలి పీల్చినప్పుడు నాడి సన్నగిల్లడాన్ని 1873లో డాక్టరు కుస్‌మాల్ రాసిపెట్టాడు. బందరులో పట్టాభి సీతారామయ్యగారు డాక్టరుగా ప్రాక్టీసు చేసిన రోజుల్లో ఎకో లేదు, ఉన్నవి స్టెతస్కోపూ నాడి పట్టే వేళ్లూను. 1935లో అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ చెప్పిన మూడు గుర్తులకూ ఎకో అక్కర్లేదు: బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు దూరం కావడం. ఎకోతో ఈ నీటిని చూడొచ్చని డాక్టరు ఫైగెన్‌బామ్ చూపించింది 1965లో.

దివి కొస ఊరి నుంచి వచ్చిన ఒకమ్మాయికి బెలూన్ బాగానే వేశారు. రాత్రి పిలిచి, "సిస్టరమ్మా, పడుకోలేకపోతున్నా, కూచోబెట్టు" అంది. బీపీ 80కి దిగింది, మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. డాక్టరుగారు పరుగున వచ్చి, ఎకోలో చూస్తూ రొమ్ము ఎముక కింద నుంచి సూది దించారు. రక్తం సిరంజిలోకి వస్తున్నకొద్దీ బీపీ లేచింది. సన్నటి గొట్టం లోపలే ఉంచి, మర్నాడు తీశారు. అమ్మాయి బతికింది.

వార్డులో కాబట్టి సరిపోయింది. పేస్‌మేకర్ పెట్టాక, లయ తప్పిన గుండెకు అబ్లేషన్ చేశాక కొందరికి రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత కూడా నీరు చేరుతుంది. అప్పటికి వాళ్లు కోడూరులోనో నాగాయలంకలోనో ఉంటారు. ఆయాసం, కళ్లు తిరగడం, ముందుకు వంగితే తగ్గే ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతారు. అందుకే డిశ్చార్జి కాగితం చేతికిచ్చి ఊరుకోకుండా, ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టి ఈ గుర్తులు వాళ్ల నోటితో తిరిగి చెప్పించేదాన్ని. 2023లో బందరుకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అర్ధరాత్రి ఎకో తీసే మనిషి, ఆ సూది దించగల డాక్టరు అక్కడా గుడివాడలోనూ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దివిసీమ నుంచి బెజవాడ దాకా ఆగగలిగే ఆపద కాదిది.