సభలో పేరు లేనివారు: మిర్యాలగూడ ప్రాంతపు వలస హమాలీలు, ఆరోగ్య భద్రత

ఆరోగ్యశ్రీ మీద మన చర్చంతా ఎన్ని లక్షల దాకా వైద్యం, ఎన్ని జబ్బులకు అన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. ఎవరికి అన్న ప్రశ్న రేషన్ కార్డుతోనే తేలిపోయిందనుకుంటాం. నిజానికి అది ఊరి సభల్లో రోజూ తేలుతున్న విషయం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసే బీహారీ హమాలీల వైపు నుంచి ఆ సభలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. రెండు లక్షల పరిమితి తెలంగాణలో ఐదు లక్షలై, 2023 డిసెంబర్ 9 నుంచి పది లక్షలైంది. పరిమితి ఎంత పెరిగినా తాళంచెవి మాత్రం రేషన్ కార్డే. అందుకే 2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో జరిగిన కొత్త కార్డుల పంపిణీ సభను నేను ఆరోగ్య సభగా కూడా లెక్కిస్తాను. అక్కడ కార్డు అందుకున్న కుటుంబానికి బియ్యంతో పాటు ఆపరేషన్ భరోసా కూడా దక్కింది.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన సభల్లో ప్రభుత్వ పథకాల కోసం రాష్ట్రవ్యాప్తంగా కోటికి పైగా దరఖాస్తులొచ్చాయి. 2025 జనవరి 21 నుంచి 24 వరకు అర్హుల జాబితాలపై మళ్లీ గ్రామసభలు పెట్టారు. ఇలాంటి సభ నడిచే తీరు మాడుగులపల్లిలోనైనా, కోదాడ పక్క పల్లెలోనైనా ఒకటే. కార్యదర్శి జాబితా చదువుతుంటే జనం తమ పేరు కోసం చెవులు రిక్కిస్తారు. పేరు రానివాళ్లు లేచి నిలదీస్తారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయితే ఆ గొడవలో ఉపకేంద్రంలో బీపీ మాత్రలు ఎందుకు లేవు, డయాలసిస్‌కు ఎంత దూరం పోవాలి అన్న మాటలకు సందు దొరకదు. ఊరి ఆరోగ్య అవసరాల్లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చాల్సిన చోట అర్హుల జాబితా చదవడంతోనే పొద్దు గడిచిపోతోంది.

హమాలీకి ఆ కోపం చూపే వీలు కూడా లేదు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే గ్రామసభ సభ్యులు. ఇతని ఓటు బీహార్‌లో, రేషన్ కార్డు బీహార్‌లో, నడుం విరిగే పని మాత్రం మిర్యాలగూడలో. 2018లో తండాలు పంచాయతీలైనప్పుడు లంబాడాలకు తమ సభ తమకు దక్కింది. హమాలీల క్వార్టర్లు ఏ సభ కిందికీ రావు.

వాళ్ల పనిని దగ్గరగా చూస్తే ఆరోగ్య అవసరం ఏమిటో తెలుస్తుంది. సీజన్‌లో సాగర్ ఎడమకాలువ ఆయకట్టు ధాన్యం ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరతాయి. తలగుడ్డ మడిచి మెడ మీద వేసుకుని, బస్తా ఎత్తుకుని, పలక మీదుగా లారీ ఎక్కాలి. కూలి బస్తా లెక్కన గనక ఆగితే నష్టం. ఊక దుమ్ము కళ్లలో, ముక్కులో చేరుతుంది. విడవని దగ్గు, మెడనొప్పి, నడుంనొప్పి ఈ పనికి తోడు వచ్చేవి. ఇవేవీ ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేసే జబ్బులు కావు. ఆరోగ్యశ్రీ బలమంతా ఆ తరహా వైద్యం మీదే ఉంది గనక, రేపు ఇక్కడే కార్డు ఇచ్చినా వీళ్ల రోజువారీ బాధ తీరదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కార్డు అడగరన్నది నిజమే. కాని అక్కడికి పోవాలంటే పూట కూలి వదులుకోవాలి, నొప్పి ఎక్కడో భోజ్‌పురిలోనో మైథిలీలోనో చెప్పి ఒప్పించాలి.

కాగితం మీద దారులు లేకపోలేదు. 2021లో తెలంగాణ కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి బీహార్ ఆయుష్మాన్ కార్డు ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో చెల్లాలి. పదిమందికి తగ్గని కర్మాగారాల్లో, నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ ఉంది. ఈఎస్ఐ దక్కాలంటే యజమాని పేరు నమోదు చేసి చందా కట్టాలి. ముఠా మేస్త్రీ ద్వారా వచ్చి, మేస్త్రీ చేతి నుంచే కూలి తీసుకునే మనిషి పేరు ఆ పుస్తకాలకెక్కడమే కష్టం.

వలస కూలీలను లెక్కపెట్టలేమనే వాదన నిలవదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇక్కడి రేషన్ కార్డు లేని వలస కూలీలకే తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. పని చేసే చోటికి వెళ్లి లెక్క తీసింది. కేరళ 2017లోనే ‘ఆవాజ్’ పేరుతో వలస కార్మికులకు 15,000 రూపాయల వైద్యం, రెండు లక్షల ప్రమాద బీమా కల్పించింది. మొత్తం చిన్నదే. అయినా ఓటుతో పనిలేకుండా, పనిచేసే చోటును బట్టే హక్కు ఇవ్వవచ్చని అది చూపించింది.

అమెరికాలో లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ తెల్లజాతి వారితో పోలిస్తే వాళ్లలో బీమా లేనివారి శాతం చాలా ఎక్కువ. 2010 ఆరోగ్య చట్టం తర్వాత చర్చిల్లో, బడుల్లో స్పానిష్ భాషలో సభలు పెట్టి జనాన్ని బీమాలో చేర్పించారు. ‘ప్రొమోతోరా’లనే సొంత సమాజపు ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. చట్టబద్ధ పత్రాలు లేనివారిని ఆ చట్టం బయటే ఉంచింది. కాలిఫోర్నియా తన ‘మెడి-కాల్’ పథకాన్ని 2024 జనవరిలో వాళ్లలో అన్ని వయసుల వారికీ తెరిచింది. మన హమాలీ ఈ దేశ పౌరుడు. అతని విషయంలో ఆ చిక్కు కూడా లేదు.

కనుక గ్రామసభకు తోడు మిల్లుల దగ్గర కార్మిక ఆరోగ్య సభ జరగాలి. వానకాలం, యాసంగి కోతల ముందు, పని లేని పూట చూసి, హిందీ వచ్చిన ఆరోగ్య కార్యకర్తతో, ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రతో పెట్టాలి. ఆయుష్మాన్ కార్డు సరిచూడటం, ఈఎస్ఐ నమోదు, ఊపిరితిత్తుల పరీక్ష అక్కడే జరగాలి. ఆ రోజు కూలి మిల్లు యాజమాన్యం ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు హమాలీలను వరుసలో నిలబెట్టకుండా కూర్చోబెట్టి, మీకు ఏది ముందు కావాలో చెప్పండని అడగాలి. వాళ్లు చెప్పింది మినిట్స్‌లో రాసి జిల్లా వైద్యాధికారికి పంపాలి.